పట్టికలో లేని పేరు

జుబైల్‌లో శుక్రవారం పొద్దున్నే ఫోన్ మోగిందంటే అది మంచి కబురు కాదని ఇక్కడ నాలుగేళ్ళు కాపురం చేసిన ఎవరికైనా తెలుసు. సెలవు రోజు కదా, ఊరంతా పదింటిదాకా నిద్రలోనే ఉంటుంది. ఆ రోజు ఆరున్నరకే మోగింది. రెండు బిల్డింగులు అవతల ఉండే అక్క. ప్లాంటులో షట్‌డౌన్ పనులు నడుస్తున్నాయని వాళ్ళాయన సెలవు రోజు కూడా డ్యూటీకి వెళ్ళాడు.

"మీ ఆయన్ని ఒకసారి ఆసుపత్రికి పంపిస్తావా? మా ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళారట" అంది. గొంతులో కంగారు కూడా లేదు. నేను పొయ్యి ఆపేసి ఆవిడ దగ్గరికి పరుగెత్తాను. తొమ్మిది కాకముందే అంతా అయిపోయింది. గుండెపోటు. నలభై ఆరేళ్ళు.

తర్వాతి పదకొండు రోజులు మా తెలుగువాళ్ళం ఎలా పనిచేశామో తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. మగవాళ్ళు ఆసుపత్రికి, పోలీసులకి, కంపెనీకి, రియాద్‌లోని మన ఎంబసీకి మధ్య తిరిగారు. మరణ ధ్రువపత్రం, పోలీసు కాగితం, ఎంబసీ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్... ఒక్కటి తగ్గినా శవపేటిక విమానం ఎక్కదు. మేం ఆడవాళ్ళం వంతులు వేసుకుని క్యారేజీలు పంపాం, పిల్లలిద్దరినీ మా ఇళ్ళలో పడుకోబెట్టాం, స్కూల్లో టీసీలు తీసుకున్నాం. హైదరాబాదీ ఆపా ఒకావిడ మా కింద పోర్షన్‌లో ఉంటారు. ఆవిడైతే రోజూ మధ్యాహ్నం వచ్చి అక్క పక్కన ఊరికే కూర్చునేవారు. ఒక్క మాట కూడా మాట్లాడేవారు కాదు.

ఇక్కడ భార్య ఇకామా భర్త ఇకామా మీద ఆధారపడి ఉంటుందని మీకు తెలుసు. ఆయన పేరు పోగానే ఆవిడ ఉండడానికి ఆధారం పోయింది. పదకొండో రోజు రాత్రి ఆయన పేటికా, ఆవిడా, పిల్లలూ దమ్మాం నుంచి ఒకే విమానంలో వెళ్ళిపోయారు. పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్. పద్నాలుగేళ్ళ కాపురాన్ని మేమే అట్టపెట్టెల్లో సర్దాం. ఫ్రిజ్ రెండొందల రియాళ్ళకి పోయింది.

ఆ పదకొండు రోజుల మధ్యలో ఒక రాత్రి మా ఆయన మార్చురీ నుంచి వచ్చి భోజనం ముందు కూర్చుని, "అక్కడ ఇంకో తెలుగతను ఉన్నాడట. జగిత్యాల వైపు. రెండు నెలలు దాటిందట, ఇంకా పంపలేదట" అన్నారు.

"అయ్యో" అన్నాను. అనేసి, మర్నాటి క్యారేజీకి కూర తరగడం మొదలుపెట్టాను.

అక్క వెళ్ళిన ఏడు నెలలకి, క్రిస్మస్‌కి ముందు, రాజమండ్రికి ఫోన్ చేశాను. ఏడు నెలల్లో నేను చేసింది అది మూడోసారో, నాలుగోసారో. అక్క మామూలుగానే మాట్లాడింది. పిల్లల చదువుల గురించి చెప్పింది. కంపెనీ నుంచి రావలసిన సర్వీసు డబ్బు ఇంకా రాలేదంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మన్నారట, తెచ్చాక పవర్ ఆఫ్ అటార్నీ అన్నారట, అది అటెస్టేషన్ చేయించి పంపితే ఒక పేరులో అక్షరం తేడా ఉందన్నారట. "నాకెందుకు చెప్పలేదక్కా?" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

"పదకొండో రోజు దాకా ఫోను కింద పెట్టనివ్వలేదు మీరంతా. ఆ తర్వాత మోగితే రాంగ్ నంబరే" అంది. కోపంగా కూడా అనలేదు.

ఆపాకి చెప్పాను. ఆవిడ, "మాలో భర్త పోతే నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ ఉంటుంది. ఆ రోజుల్లో ఆమె తిండి, ఆమె మంచి చెడ్డలు ఎవరివో ఒకరివి కావాలి. మీ లెక్క పదకొండు రోజులకే తేలిపోయిందా?" అన్నారు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మేం అయిదుగురం ఆడవాళ్ళం వారానికోసారి ఎవరో ఒకరింట్లో కలిసి బైబిల్ చదువుకుంటాం. ఇక్కడ చర్చి ఉండదు కదా. పాటలు లేవు, ప్రసంగం లేదు. టీ తాగుతూ తలా ఒక అధ్యాయం చదువుతాం. ఆ నెలలో అపొస్తలుల కార్యములు నడుస్తోంది, ఆరవ అధ్యాయం నా వంతుకి వచ్చింది. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో ఆ భాగం. ఆ రోజు మాత్రం మధ్యలో గొంతు ఆగిపోయింది.

సంగతి ఇది. యెరూషలేములో తొలి సంఘం ఏర్పడి ఎంతో కాలం కాలేదు. దిక్కులేని వితంతువులకు రోజూ భోజనం పెడుతున్నారు. అందులో ఒక సణుగుడు లేచింది. గ్రీకు మాట్లాడే యూదుల వితంతువులు ఆ పంపిణీలో తప్పిపోతున్నారని. ఎవరీ గ్రీకు మాట్లాడేవాళ్ళు? యూదులే, కానీ తరాలుగా పరాయి దేశాల్లో బతికి, భాష మారిపోయి, మళ్ళీ యెరూషలేము చేరినవాళ్ళు. మన మాటల్లో చెప్పాలంటే ఎన్నారైలు. చివరి రోజులు పుణ్యక్షేత్రంలో గడపాలని వచ్చిన ముసలి జంటలు వారిలో ఉండేవని పండితులు అంటారు. భర్త పోతే ఆవిడకి ఆ ఊళ్ళో అన్నదమ్ములుండరు, కొడుకులుండరు, ఊరి భాష కూడా సరిగా రాదు.

వాళ్ళని ఎవరూ కావాలని పస్తు పెట్టలేదు. పంచేవాళ్ళు తమకు తెలిసిన ఇళ్ళకు వెళ్ళారు, తమ భాష మాట్లాడే గడపలు తొక్కారు. మిగతావాళ్ళు కళ్ళబడలేదు. అంతే.

నాకు జగిత్యాల మనిషి గుర్తొచ్చాడు. కాదు, అతనికో భార్య ఉంటుందన్న సంగతి అప్పుడే మొదటిసారి గుర్తొచ్చింది. అక్క మాతో ఓణం, సంక్రాంతి, క్రిస్మస్ అన్నీ చేసుకున్న మనిషి. మా బిల్డింగుల మనిషి. లేబర్ క్యాంపులో పోయినవాడి భార్య మా వీధిలో ఎప్పుడూ నడవలేదు. కుటుంబ వీసాకి తగ్గ జీతం ఉంటే కదా ఆమె ఇక్కడికి వచ్చేది! ఆమెకి మేం ఒక్క క్యారేజీ కట్టలేదు.

ఇక ఆ యెరూషలేము సంఘం ఏం చేసిందో చూడండి. సణిగినవాళ్ళని కసరలేదు. ప్రేమ గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. ఏడుగురిని ఎన్నుకుని, భోజనాల పని వాళ్ళ చేతిలో పెట్టింది. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఎవరి ఆడవాళ్ళు తప్పిపోయారో వాళ్ళ వైపు వాళ్ళకే గరిటె ఇచ్చారన్నమాట. జాలి ఉండడం వేరు, ఆ పని పలానావాళ్ళదని పేరు రాసిపెట్టడం వేరు. మాకు మొదటిది బోలెడంత ఉంది. రెండోది లేదు.

ఆ తర్వాత నేను ఈ విషయం మీద దొరికినంత చదివాను. చదువుతుంటే నాకు ముచ్చటేసింది లెక్కలే. 251లో రోము బిషప్పు కొర్నేలియు ఒక ఉత్తరంలో తమ సంఘంలో ఎవరెందరున్నారో రాశాడు. 46 మంది పెద్దలు, ఏడుగురు డీకన్లు, ఇంకా తక్కిన పరిచారకులు. వాళ్ళతో పాటు సంఘం పోషిస్తున్న వితంతువులు, కష్టంలో ఉన్నవాళ్ళు 1,500 మందికి పైగా. అప్పటికి క్రైస్తవులు సొంతంగా పెద్ద గుడి కట్టుకునే రోజులు కావు, ఎక్కువగా ఇళ్ళలోనే కలిసేవారు. నాలుగో శతాబ్దం చివర్లో అంతియొకయలో 3,000 మంది వితంతువులు, కన్యలు సంఘం పట్టికలో ఉన్నారని యోహాను క్రిసొస్తొము తన ప్రసంగంలో చెప్పాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది బట్టల లెక్క. 303లో హింస మొదలైనప్పుడు ఇప్పటి అల్జీరియాలోని సిర్తా ఊళ్ళో రోమన్ అధికారులు క్రైస్తవులు కూడుకునే ఇంటిని సోదా చేసి, దొరికినవన్నీ జాబితా రాశారు. వెండి, ఇత్తడి పాత్రలతో పాటు ఆడవాళ్ళ అంగీలు 82, మగవాళ్ళవి 16. ఆడవాళ్ళ చెప్పులు 47 జతలు, మగవాళ్ళవి 13. పేదలకు పంచడానికి దాచినవని చరిత్రకారులు అంటారు. ఎవరి అవసరం ఎక్కువో ఆ అంకెలే చెబుతున్నాయి. యొప్పేలో తబిత కుట్టి ఇచ్చిన బట్టల్ని ఆమె చనిపోయినప్పుడు వితంతువులు ఏడుస్తూ చూపించిన కథ మనకు సండే స్కూల్లోనే తెలుసు. ఆ కుట్టుపని ఆవిడతోనే ఆగిపోలేదన్నమాట.

అలాగని అంతా బంగారం అనడం లేదు. తిమోతికి రాసిన మొదటి పత్రికలో పట్టికకి షరతులున్నాయి. అరవై ఏళ్ళు నిండాలి, ఒక్క భర్తకే భార్య అయి ఉండాలి, పిల్లల్ని పెంచి, అతిథుల్ని ఆదరించిందన్న పేరుండాలి. పడుచు వితంతువులు వద్దు, వాళ్ళు ఇంటింటికీ తిరిగి కబుర్లు చెబుతారు, పెళ్ళి చేసుకోమనండి అంటుంది. కొడుకులూ మనవలూ ఉంటే వాళ్ళే చూడాలి, సంఘం మీద భారం వేయకూడదని కూడా ఉంది. అది న్యాయమే అనిపించింది. కానీ వయసు మాట దగ్గర నా మనసు ముల్లు గుచ్చుకున్నట్టయింది.

మాది తెనాలి దగ్గర పల్లె. మా నానమ్మ అన్నానికి ఎసరు పెట్టినప్పుడల్లా కడిగే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి డాల్డా డబ్బాలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్ళేది. స్త్రీల సమాజం వాళ్ళు దాన్ని ఊళ్ళో ముసలి వితంతువులకు కొలిచి ఇచ్చేవారు. మా పిన్ని ఇరవై నాలుగేళ్ళకే ఒంటరిదైంది, చంకలో బిడ్డ. ఆమె పేరు ఆ పట్టికలో రాలేదు. "రెక్కలున్నాయిగా, కూలికి పోతుంది" అన్నారు. అన్నవాళ్ళలో మా నానమ్మ కూడా ఉంది. పిన్ని మిరప చేలకి పోయింది. గుడిలో మాత్రం చివరి చాపలో కూర్చునేది.

మన దేశంలో ఒకప్పుడు పడుచు వితంతువుని పెళ్ళాడనివ్వలేదు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించడానికి ఎంత పోరాడారో మనందరికీ తెలుసు. రోములో దీనికి తలకిందులు. అగస్టస్ చట్టాల ప్రకారం యాభైలోపు వితంతువు రెండేళ్ళలో మళ్ళీ పెళ్ళి చేసుకోకపోతే, దగ్గరి బంధువులు కానివారు రాసిచ్చిన ఆస్తి తీసుకునే హక్కు పోయేది. రెండు చోట్లా నిర్ణయం మాత్రం ఆమెది కాదు.

అందుకే మూడో శతాబ్దంలో సిరియా ప్రాంతంలో పుట్టిన దిదస్కాలియా అనే సంఘ నియమాల పుస్తకంలో ఒక మాట చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. దాని ప్రకారం కూడా వితంతువుల వరుసలో చేర్చడానికి వయసు ఉంది, యాభై. కానీ పడుచు వితంతువుని ఆ వరుసలో చేర్చకపోయినా ఆమెకి సాయం మాత్రం చేయాలట, లేమి వల్ల ఇంకో పెళ్ళికి లొంగే పరిస్థితి రానివ్వకూడదట. రెండో పెళ్ళి అంటే ఆ పుస్తకానికి అంతగా గిట్టదనుకోండి. అయినా ఆకలి ఆమె చేత నిర్ణయం చేయించకూడదన్న మాట చాలు నాకు. పేరు పట్టికలో లేకపోయినా అన్నం ఉండాలి. మా పిన్నికి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

ఆ పుస్తకం పూర్తిగా మనకి మిగిలింది సిరియాక్ భాషలోనే. ఒకప్పుడు ఈ తీరంలో కూడా ప్రార్థనలు ఆ భాషలోనే జరిగేవి. మా జుబైల్‌లో 1986లో ఇసుక కింద ఒక పాత చర్చి గోడలు బయటపడ్డాయి. నాలుగో శతాబ్దం నాటిదని చెబుతారు. చుట్టూ కంచె ఉంటుంది. మేం చేపలు కొనడానికి వెళ్ళే తారూత్ దీవిలోని దారీన్‌లో 676లో ఈ తీరపు బిషప్పుల సభ జరిగింది. ఎక్కడో దూరదేశపు కథ అనుకుని చదువుతున్నది మా వీధి చివర్లోనే ఉందనిపించింది.

సరే, చదివి ఊరుకుంటే ఏం లాభం? మర్నాటి వారం అయిదుగురం ఒక నోట్‌బుక్ తీశాం. నాలుగు గళ్ళు. పేరు, ఊరు, రావలసిన కాగితం, ఫోన్ చేయాల్సిన మనిషి. మొదటి పేరు అక్కది. రెండో గడి ఖాళీ. జగిత్యాల ఆమె పేరే మాకు తెలియదు.

ఆ నంబరు దొరకడానికి మూడు వారాలు పట్టింది. మార్చురీ కాగితాలు చూసుకునే ఒక మలయాళీ సామాజిక కార్యకర్త ద్వారా క్యాంపులో అతని రూమ్మేటు దొరికాడు. శవం మూడో నెలలో వెళ్ళిందట. నేను ఫోన్ చేసేసరికి అవతల బీడీలు చుడుతూ ఎత్తిందామె. ఎవరో, ఎక్కడి నుంచో చెప్పాను. కాసేపు మాట లేదు.

"మా ఆయన పోయిన సంది ఫోన్ చేసినోళ్ళంతా అప్పులోళ్ళే. నువ్వెవలమ్మా? మా కులపోళ్ళా?" అంది.

"కాదమ్మా. మీ ఆయన పనిచేసిన ఊళ్ళో ఉంటాను" అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

"గట్లనా" అంది. తర్వాత అరగంట మాట్లాడింది.

ఆమెకి ముప్పై ఏళ్ళు కూడా లేవు. వీసా కోసం చేసిన అప్పు తీరకముందే ఆయన పోయాడు. ఏమేం అడగవచ్చో ఆమెకి ఎవరూ చెప్పలేదు. మీకు కూడా ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను. సౌదీ కార్మిక చట్టం ప్రకారం మృతదేహాన్ని పంపే ఖర్చు కంపెనీదే. సర్వీసు డబ్బు మొదటి అయిదేళ్ళకి ఏడాదికి అర నెల జీతం, ఆ పైన ఏడాదికి నెల జీతం చొప్పున లెక్క. పని ప్రమాదంలో పోతే ఇక్కడి సామాజిక బీమా సంస్థ గోసి నుంచి విదేశీయుల కుటుంబాలకు కూడా పరిహారం ఉంటుంది. ఇమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని వెళ్ళిన కార్మికులకు మన ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది, ప్రమాద మరణానికి పది లక్షలు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు అయిదు లక్షల సాయం ఇచ్చేందుకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఇవేవీ అడగకుండా ఇంటికి రావు. పాస్‌పోర్టు, ఇకామా, ఒప్పందం కాపీలు, పేర్లన్నీ ఒకే స్పెల్లింగుతో ఉన్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ముందు చేతిలో ఉండాలి. మీ ఇంట్లో ఆ కాపీలు ఎక్కడున్నాయో ఈ రాత్రే ఒకసారి చూసుకోండి.

ఇంకో మాట. అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం ఈ దేశంలో నేరం. అందుకని మేం డబ్బు పోగుచేయం. ఎవరికి వీలైతే వాళ్ళు నేరుగా ఆమె బ్యాంకు ఖాతాకి పంపుతాం. మా పని ప్రధానంగా ఫోన్ చేయడం, కాగితం వెంట పడడం.

నోట్‌బుక్‌లో ఇప్పుడు తొమ్మిది పేర్లున్నాయి. ఇద్దరు ముస్లిం స్త్రీలు, వాళ్ళకి ఆపా చేస్తారు. నాలుగు కుటుంబాలకి డబ్బు వచ్చింది. అక్కకి వచ్చింది, పదిహేను నెలలకి. జగిత్యాల ఆమె సర్వీసు డబ్బు ఇంకా రాలేదు. ఒకావిడ మా ఫోన్ ఎత్తడం మానేసింది. ఆమె పేరు కొట్టేద్దామా అని ఒకసారి అనుకున్నాం, కొట్టలేదు. మా పిన్ని పేరు కూడా రాశాను. ఆవిడకి ఇప్పుడు అరవై రెండు, ఎవరి బియ్యమూ అక్కర్లేదు. నెలకోసారి ఫోన్ చేస్తే "డబ్బు దండగ, పెట్టెయ్" అంటుంది, పెట్టదు.

ఆ రోజుల్లో పట్టికలో ఉన్న వితంతువులు తీసుకునేవాళ్ళు మాత్రమే కాదు. వాళ్ళ వరుసకి ఒక పని ఉండేది. సంఘం కోసం ప్రార్థన చేయడం, జబ్బు పడిన స్త్రీల దగ్గరికి వెళ్ళడం. అది చదివినప్పుడు నాకు అంతగా పట్టలేదు. పోయిన నెల పట్టింది.

మొదటి శుక్రవారం, జగిత్యాలకి చేయడం నా వంతు. ఉదయమే అక్క నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది.

"నువ్వు చెయ్యకులే, నేను చేసేశాను. ఆ అమ్మాయి సర్టిఫికెట్‌లో కూడా నాకు వచ్చినట్టే పేరు తప్పు పడింది. ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్పాను. సోమవారం వెళ్తుందట. మళ్ళీ సోమవారం సాయంత్రం నేనే చేస్తాను. నా పేరు ఆ ఫోన్ చేసేవాళ్ళ గళ్ళో రాయి."

రాశాను.